పద్నాలుగో నంబరు సిగ్నల్

అడిగిన అమ్మాయి

పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో శ్రావ్య అని ఒక అమ్మాయి ఉండేది. కరీంనగర్ పిల్ల. ఎం.ఎస్. అయిపోయి ఉద్యోగాలు వెతుక్కుంటోంది. నిరుడు వేసవిలో ఒక ఆదివారం నా తలుపు తట్టింది.

"అంకుల్, మీరు సబ్‌వేల సిగ్నల్స్ వర్క్ చేసిన్రంట గదా? నాకు ఎల్లుండి ఒక సిగ్నలింగ్ కంపెనీతోని ఇంటర్వ్యూ ఉంది. జర బేసిక్స్ చెప్తారా?"

ఈ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్లందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే. లిఫ్టులో కనిపిస్తే బాగున్నారా అంకుల్ అంటారు, కార్ ఎక్కి వెళ్లిపోతారు. నా పని గురించి ఒకరు అడగడం, నా భార్య సుభద్ర పోయాక అదే మొదటిసారి. టీ పెట్టి కూర్చోబెట్టాను. బేసిక్స్ అరగంటలో అయిపోయాయి. ఆ తరువాత ఇంకో రెండు గంటలు మాట్లాడాను. లేచేటప్పుడు ఆ అమ్మాయి, "ఇదంతా రాయండి అంకుల్. మా బ్యాచ్‌ల ఇంకో నలుగురు ఈ ఫీల్డ్‌కే వస్తున్నరు," అంది.

అందుకని రాస్తున్నాను. నేను పనిచేసిన నగరం పేరు రాయను. పోయినవారి కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. మనుషుల పేర్లు మార్చాను. ప్రమోషన్ల సంగతి రాయడానికి నాకు పెద్దగా రాలేదు.

కింద పని

విజయవాడలో రైల్వే సిగ్నల్ విభాగంలో నాలుగేళ్లు చేసి, ఇక్కడికొచ్చి ఎం.ఎస్. చదివి, ఆ నగరపు సబ్‌వేలో, అంటే నేల కింద నడిచే రైళ్లలో, సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. నా పేరు భాస్కరరావు. అక్కడ ఎవరికీ నోరు తిరగక 'బాస్' అన్నారు. ఎవరికీ బాస్ కాకుండానే రిటైరయ్యేదాకా బాస్ అనిపించుకున్నాను.

విజయవాడలో పట్టాల పక్కన నడుస్తుంటే ఎండ ఉంటుంది, టీ కొట్టు ఉంటుంది, ఎవరో ఒకరు పలకరిస్తారు. సొరంగంలో అవేవీ ఉండవు. గాల్లో ఇనుప రజను. ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. రైలు వస్తున్నట్టు చెవికంటే ముందు చెంపకు తెలుస్తుంది, గాలి తోసుకొస్తుంది కనుక. గోడలో మనిషి పట్టేంత గూళ్లు ఉంటాయి. వాటిలో వీపు ఆనించి నిలబడితే కిటికీల్లోని ముఖాలు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్లిపోతాయి. వాళ్లకు మనం కనపడం. ఈ ఉద్యోగమంతా ఇంతే. మీ పని సవ్యంగా సాగినంత కాలం మీరున్నట్టే ఎవరికీ తెలియదు. మెచ్చుకోలు కావలసినవాళ్లు ఇంకో పని చూసుకోవడం మంచిది.

ఇప్పుడంతా కంప్యూటర్లు, రేడియోలు. అప్పట్లో మా లైను మీద ఆఖరి కాపలా ఒక ఇనుప చెయ్యి. ట్రిప్ ఆర్మ్ అనేవాళ్లం. ప్రతి సిగ్నల్ దగ్గరా పట్టా పక్కన ఉండేది. పచ్చ లైటు ఉంటే పడుకుంటుంది, ఎర్ర లైటు పడితే లేచి నిలబడుతుంది. డ్రైవరు ఎర్ర లైటు చూడకుండా వచ్చేశాడనుకోండి, రైలు అడుగున వేలాడే మీటను ఆ చెయ్యి కొడుతుంది, బ్రేకులు వాటంతటవే పడతాయి. డ్రైవరు స్పృహ తప్పినా రైలు ఆగుతుంది.

అయితే ఆ చెయ్యి పట్టా కంటే ఇంత ఎత్తున ఉండాలని ఒక లెక్క ఉంది. అంతకు తగ్గితే మీటకు తగలకుండా రైలు పైనుంచి వెళ్లిపోతుంది. పాత పట్టా అరిగి ఉంటుంది. దాన్ని తీసి కొత్తది వేస్తే పట్టా ఎత్తు పెరుగుతుంది, చెయ్యి ఉన్నచోటే ఉంటుంది కనుక పొట్టిదైపోతుంది. అందుకే గేజ్ అనే కొలబద్ద పెట్టి కొలవాలి, తేడా ఉంటే సరిచేయాలి, ఫారం మీద అంకె వేసి సంతకం పెట్టాలి. అదే నా పని. ఎం.ఎస్. చదివింది బురదలో మోకాళ్ల మీద కూర్చుని కొలవడానికా అని మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. ఎవరైనా అడిగితే 'సిస్టమ్స్‌లో ఉన్నాను' అని చెప్పేవాణ్ణి. నా మొదటి తప్పు అక్కడే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. చిన్న పని అనుకున్నదాన్ని మనం ఎప్పుడో ఒకప్పుడు చిన్నగానే చేస్తాం.

ఫ్రాంక్

నాకు పై ఫోర్‌మన్ ఫ్రాంక్. పని నేర్పింది ఆయనే. కరెంటు పారే పట్టా మీదుగా కాలు ఎలా దాటించాలో మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని చూపించాడు. సుభద్ర పంపే పులిహోర, సిగ్నళ్ల స్విచ్చులుండే రిలే గదిలో కూర్చుని నా డబ్బాలోంచే తినేవాడు. "ఇవాళ నిమ్మకాయదా, చింతపండుదా?" అని అడిగేవాడు. ఆయన దుర్మార్గుడని రాస్తే నాకు సులువవుతుంది. కాని ఆయన దుర్మార్గుడు కాడు. కంట్రోల్ రూమ్ నుంచి ఫోను వస్తే కాదనలేని మనిషి, అంతే. చెడ్డ అధికారిని మీరు ఇట్టే గుర్తుపట్టి జాగ్రత్త పడతారు. మీకు ఇష్టమైన అధికారి తప్పు చేయమన్నప్పుడే అసలు చిక్కు.

ఆ మధ్యాహ్నం మాకు పన్నెండు సిగ్నళ్లు అప్పగించారు. రద్దీ లేని వేళ, రైలుకీ రైలుకీ మధ్య నడుస్తూ కొలవాలి. పదకొండు కొలిచాం. మిగిలింది పద్నాలుగో నంబరు సిగ్నల్. వంపు దాటాక, ఎప్పుడూ మడమ లోతు నీళ్లు నిలిచే చోట ఉంటుంది. ఇంతలో కంట్రోల్ రూమ్ నుంచి ఫోను. సాయంత్రం రద్దీ మొదలవుతోంది, లైను ఇచ్చేయమన్నారు.

ఫ్రాంక్ ఫోను పెట్టేసి, "పద్నాలుగు పోయిన నెలే చేశాం కదా బాస్. దానికేం కాదు. సంతకం పెట్టెయ్," అన్నాడు.

"అక్కడ మొన్న పట్టా మార్చినట్టున్నారు?"

"మార్చి ఉంటే వెండెల్ చీటీ పంపేవాడు. నువ్వు చీటీ చూశావా?"

"లేదు."

"మరింకేం?"

వెండెల్ అంటే పట్టాలు వేసే ముఠాకు మేస్త్రీ. పట్టా మార్చినప్పుడల్లా మాకు చీటీ పంపడం ఆయన బాధ్యత. ఆయన పంపాడు కూడా. అది ఫ్రాంక్ బల్ల మీద కాగితాల అడుగున ఉందని తరువాత బయటపడింది. నేను గోడకు ఫారం ఆనించి, పోయిన నెల అంకెనే మళ్లీ వేసి, సంతకం పెట్టాను. బూట్లు తడవనందుకు సంతోషించాను కూడా. అదీ నాకు గుర్తుంది.

ఆ ఉదయం

మూడు వారాల తరువాత, ఉదయం రద్దీలో, వంపు అవతల ఒక రైలు తలుపుల చిక్కు వల్ల సొరంగంలో ఆగిపోయింది. దాని వెనక పద్నాలుగో నంబరు సిగ్నల్ ఎర్రగా వెలుగుతోంది. వెనక రైలు నడుపుతున్నది లియోన్ అనే డ్రైవరు. పద్దెనిమిదేళ్లుగా మచ్చలేని మనిషి. ఆయన ఆ ఎర్ర లైటు దాటి వచ్చేశాడు. ఎందుకు దాటాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గుండెకు ఏదైనా అయి ఉండవచ్చని డాక్టర్లు అన్నారు కాని తేల్చి చెప్పలేకపోయారు.

నేను పక్క స్టేషన్ రిలే గదిలో ఉన్నాను. నేల అదిరింది. లాంతరు తీసుకుని సొరంగంలోకి పరుగెత్తాను. ఎదురుగా ధూళిలోంచి మనుషులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని గోడ వెంట వస్తున్నారు. ఎవరూ అరవడం లేదు. ఒక ముసలావిడ చెప్పులు పోగొట్టుకుని, "స్టేషన్ ఇటేనా బాబూ?" అని మామూలుగా దారి అడిగినట్టు అడిగింది. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫాం దాకా నడిపించాను. మళ్లీ లోపలికి వెళ్లాను, ఇంకొందరిని తెచ్చాను.

మూడోసారి వెళ్లినప్పుడు చేసిన పని మాత్రం తొమ్మిది రోజుల దాకా ఒక్క సుభద్రకే చెప్పాను. నేను మనుషుల వైపు వెళ్లలేదు. రైళ్ల పక్కనుంచి వెనక్కి నడిచి పద్నాలుగో నంబరు దగ్గరికి వెళ్లాను. లైటు ఎర్రగా ఉంది. చెయ్యి లేచే ఉంది. నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని గేజ్ తీసి కొలిచాను. వెనక ఎవరో దేవుణ్ణి పిలుస్తున్నారు. గేజ్‌కూ ఆ చేతికీ మధ్య నా చిటికెన వేలు దూరింది. ఆ చెయ్యి అంత పొట్టిదైంది.

ముగ్గురు చనిపోయారు. లియోన్, ముందు రైలు ఆఖరి పెట్టెలో నిలబడిన ఒక కాలేజీ విద్యార్థి, ఆసుపత్రిలో పనికి వెళ్తున్న ఒకావిడ.

తొమ్మిది రోజులు

మర్నాడు దర్యాప్తు వాళ్లు పిలిచే ముందు ఫ్రాంక్ నన్ను రిలే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"మనం కొలిచాం. ఇద్దరం. అర్థమైందా? నీ గ్రీన్ కార్డు ఫైలు ఇంకా మనవాళ్ల దగ్గరే ఉంది బాస్. నీ మంచికే చెబుతున్నాను."

అది బెదిరింపో, నిజంగా నా మంచి కోరడమో నాకు ఈ రోజుకీ తెలియదు. లోపలికి వెళ్లి కొలిచామని చెప్పాను. ఇంగ్లీషు కూడా తడబడలేదు.

అబద్ధం మనం చెప్పినచోటే ఆగదు. నేను కొలిచినప్పుడు ఎత్తు సరిగ్గా ఉంటే తరువాత ఎలా తగ్గింది? పట్టా వేసినవాళ్లు సరిగా బిగించలేదు, అది కదిలింది. అందరికీ తోచే సమాధానం అదే. వారంలో ఆ మాట యార్డంతా పాకింది. వెండెల్ ముఠాలో ఆ చోట బోల్టులు బిగించినవాడు టైరీస్ అనే కుర్రవాడు. వాడితో ఎవరూ మాట్లాడటం మానేశారు.

ఇంట్లో సుభద్ర రెండు రోజులు చూసింది. మూడో రోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మీరు కొలిచారా?"

"లేదు."

"మరి కొలిచానని ఎందుకు చెప్పారు?"

"వీసా పోతే మనం ఎక్కడికి పోతాం, చెప్పు?"

మర్నాటి నుంచి ఆవిడ నా డబ్బాలో ఒక మనిషికి సరిపడా మాత్రమే పెట్టింది.

తొమ్మిదో రోజు బట్టలు మార్చుకునే గదిలో వెండెల్ నా దగ్గరికి వచ్చాడు. ఆరడుగుల పైన పొడవు, తెల్లబడ్డ గడ్డం, చర్చిలో పాటలు పాడే మనిషి. కొట్టడానికి వచ్చాడనుకున్నాను. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"బాస్, ఒక్క మాట. మేం పట్టా మార్చాక నువ్వు కొలిచావా?"

"కొలిచాను."

నా ముఖంలోకి కాసేపు చూశాడు. తల ఊపాడు.

"నువ్వు కొలిచానంటే కొలిచే ఉంటావు. నిన్ను నేనెప్పుడూ తప్పుడు పని చేయగా చూడలేదు. అయితే మా వాళ్లదే తప్పు. నేనే వెళ్లి వాళ్లకు చెబుతాను."

లేచి వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే నేను అబద్ధం మీదే నిలబడేవాణ్ణేమో. ఆయన నన్ను నమ్మాడు. అరగంట అక్కడే కూర్చుని, దర్యాప్తు ఆఫీసుకు నడిచి వెళ్లి, అంతా చెప్పాను. గేజ్ కింద వేలు దూరిన సంగతితో సహా.

అప్పటికే ఆలస్యమైంది. టైరీస్ ఆ ఉదయమే ఉద్యోగం మానేసి ఊరు విడిచి వెళ్లిపోయాడు. నిజం బయటపడ్డాక వెండెల్ అతని కోసం మనుషులను పంపాడు, ఉత్తరాలు రాశాడు. అతను తిరిగి రాలేదు. అతనికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. నా అబద్ధం తొమ్మిది రోజులే బతికింది, కాని అతనికి అది చాలింది.

రిపేర్ షాపు

ఫ్రాంక్‌ను ఇంటికి పంపేశారు. ఆ తరువాత ఆయన నాతో మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు నేను చర్చిలో వెనక వరసలో కూర్చుని వచ్చాను. నన్ను ఇన్‌స్పెక్టర్ పని నుంచి తీసేసి రిలేలు బాగుచేసే షాపులో వేశారు. నా చేత సంతకాలు పెట్టించుకోవడం మానేశారు. గ్రీన్ కార్డు ఫైలు మళ్లీ మొదటికి వచ్చింది, ఆఖరికి ఏళ్ల తరువాత చేతికందింది. ఆ బల్ల దగ్గరే ఇరవై రెండేళ్లు చేసి రిటైరయ్యాను.

షాపులో సగం మందికి నేను ఫ్రాంక్‌ను పట్టించినవాణ్ణి, మిగతా సగానికి తప్పును వెండెల్ మీదికి నెట్టినవాణ్ణి. రెండూ నిజమే కనుక ఎవరితోనూ వాదించలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి ఒక్కణ్ణే తినేవాణ్ణి. మన తెలుగువాళ్ల మధ్య ఉగాది ఫంక్షన్లకు వెళ్లినా అందరూ కంపెనీలు, ప్రాజెక్టులు మాట్లాడుకుంటుంటే ఏం చెప్పాలో తోచక వంటల బల్ల దగ్గర నిలబడేవాణ్ణి. కొన్నాళ్లకు అదీ మానేశాం. పిల్లలు లేరు. సుభద్రకు అన్నీ తెలుసు కనుక ఆవిడతో ఏదీ మాట్లాడే అవసరం లేకపోయింది. ఆవిడ పోయాక తెలిసింది, మాట్లాడే అవసరం లేని మనిషి ఒకరు ఇంట్లో ఉండటం ఎంత పెద్ద సంగతో.

ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. మీరు చూడనిదాన్ని చూశానని రాయకండి. రాశారా, ఆ రోజే వెళ్లి చెప్పండి. ఎదుటివాడు నమ్మేలోపు చెప్పండి.

ఫలకం

ఆ స్టేషన్ ప్లాట్‌ఫాం గోడకు మూడు పేర్లతో ఒక ఇత్తడి ఫలకం ఉంది. ఏటా ఆ రోజు, ఆ వేళకు బంధువులు వచ్చేవారు. మొదట్లో వందమంది దాకా, పాస్టరు, పూలు, టీవీ కెమెరా. నేను దూరంగా స్తంభం పక్కన నిలబడేవాణ్ణి. తరువాత ముప్పై మంది, పదిమంది. ఆ విద్యార్థి తల్లి చాలా ఏళ్లు కర్ర ఊతంతో వచ్చింది, తరువాత రాలేదు. పార్సిప్పనీకి మారాక కూడా నేను పొద్దున్నే రైలెక్కి వెళ్లేవాణ్ణి. ఆఖరికి ఇద్దరమే మిగిలాం. నేనూ, లియోన్ కూతురు డెనీస్.

తండ్రి పోయేనాటికి ఆమెకు పదకొండేళ్లు. ఇప్పుడు స్కూల్లో లెక్కలు చెబుతోంది. ఇద్దరమే మిగిలిన మొదటి ఏడు ఆమే నా దగ్గరికి వచ్చింది.

"మీరు ఆ రోజు రైల్లో ఉన్నారా?"

"అక్కడే ఉన్నాను," అన్నాను.

మరుసటి ఏడు ఆమె నాక్కూడా కాఫీ తెచ్చింది. అలా నాలుగేళ్లు. బెంచీ మీద కూర్చుని తండ్రి గురించి చెప్పేది. ఆదివారాలు అట్లు పోసేవాడట, ఎప్పుడూ మొదటిది మాడ్చేవాడట. స్కూల్లో పిల్లలు 'మీ నాన్న రెడ్ లైటు దాటి మనుషుల్ని చంపాడు' అనేవారట. పేపర్లలో మొదటి వారం వచ్చింది అదే. ట్రిప్ ఆర్మ్ సంగతి ఉన్న రిపోర్టు ఏడాది దాటాక వచ్చింది, చదివినవాళ్లు తక్కువ. ఆమె తల్లి దాన్ని ఇంట్లోకే రానివ్వలేదట.

ఈ సంగతీ శ్రావ్యకు ఆ ఆదివారం చెప్పాను. ఆ అమ్మాయి టీ కప్పు కింద పెట్టింది.

"అంటే ఆమెకు మీరెవరో తెల్వదా?"

"తెలియదమ్మా. ఈ వయసులో చెప్పి ఏం లాభం?"

"నాకు చెప్పిన్రు గదా అంకుల్. నేనెవర్ని మీకు? ఆమెకు గదా చెప్పాల్సింది."

నిరుడే, ఆ రోజు వచ్చినప్పుడు, డెనీస్‌కు చెప్పాను. కాఫీ చేతికిచ్చి కూర్చోబోతుంటే, కూర్చోక ముందే మొదలుపెట్టాను. నా ఉద్యోగం, పన్నెండు సిగ్నళ్లు, వేసిన అంకె, తొమ్మిది రోజులు. అంతా విన్నాక ఆమె అడిగింది.

"ఆ చెయ్యి సరైన ఎత్తులో ఉండి ఉంటే?"

"బ్రేకులు పడేవి. రైలు గట్టిగా కుదిపి ఆగిపోయేది. ముందు రైలు దాకా వచ్చేది కాదు."

"మా నాన్న స్పృహ తప్పినా?"

"తప్పినా."

"ఒక్క సిగ్నల్ కొలవడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

ఆమె ప్లాట్‌ఫాం మీది గడియారం వైపు చూసింది. నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. ఒక రైలు వచ్చింది. జనం దిగారు, ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి, రైలు వెళ్లిపోయింది. ఆమె గడియారం మీది నుంచి చూపు తిప్పలేదు. నేనూ అటే చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలూ పూర్తయ్యాక నా వైపు తిరిగింది.

"ఇంతేనా," అంది.

కప్పు బెంచీ మీద పెట్టి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

శ్రావ్య ఉద్యోగం వచ్చి పశ్చిమ తీరాన బాతెల్ అనే ఊరికి వెళ్లిపోయింది. ఫోనులో, "ఏమన్నది అంకుల్?" అని అడిగింది. "ఏమీ అనలేదమ్మా," అన్నాను.

ఈ ఏడూ వెళ్లాను. డెనీస్ రాలేదు. ఫలకం దుమ్ము కొట్టుకుని ఉంటే అరచేత్తో తుడిచాను. మూడు పేర్లూ పైకే చదివాను. పక్కన నిలబడిన వాళ్లు ఒకసారి చూసి ఫోన్లలోకి తలలు దించుకున్నారు. మెట్ల వైపు చూస్తూ నాలుగు రైళ్లు వదిలేశాను. అయిదోది ఎక్కాను.